గది మారిన మాటలు

నా గొంతు పోయింది. జలుబు చేసి కాదు. పిల్లలకు వినబడటం లేదని ఎవరో రాస్తే, వినబడేలా చెప్పి తీరాలని అరిచి అరిచి పోగొట్టుకున్నాను. గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, "ఏం పని చేస్తారమ్మా మీరు? వేలంపాట పాడతారా?" అని అడిగాడు. లెక్కలు చెబుతానన్నాను. టర్ము అయిపోయేదాకా గుసగుసగా తప్ప మాట్లాడొద్దని, మాట్లాడితే ఉన్న ఆ కాస్తా పోతుందని చెప్పి పంపించేశాడు. పాఠం చెప్పేదాన్ని మాట్లాడొద్దనడం ఎంత తేలికో!

మా కాలేజీలో ప్రతి టర్ము చివరా పిల్లలు తమకు పాఠం చెప్పినవాళ్ళ గురించి కాగితాల మీద రాస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు, కింద తోచింది రాస్తారు. పేరు రాయనక్కర్లేదు. పేరు లేకపోతే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. ఆఫీసువాళ్ళు మార్కుల సగటు కట్టి, రాసిన మాటలన్నీ టైపు చేసి, మాకు తలా ఒక కవరు ఇస్తారు. నాలాంటి కాంట్రాక్టు లెక్చరర్ల జాతకమంతా ఆ కవర్లోనే ఉంటుంది.

పోయిన టర్ము కవరును ప్రిన్సిపాల్ తన చేత్తోనే ఇచ్చాడు. "సగటు బాగా తక్కువగా ఉంది మేడం. మీ గొంతు వెనక బెంచీలకు వినబడటం లేదట. బోర్డు వైపు తిరిగి మాట్లాడతారట. ఇవి దిద్దుకోగలిగినవే. ఈ టర్ములో దిద్దుకోండి. లేకపోతే మీ కాంట్రాక్టు పొడిగించడం నావల్ల కాదు," అన్నాడు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు.

"ఎవరి గొంతు? నీ గొంతా వినబడంది?" అని కళ్ళు పెద్దవి చేశారు. "నువ్వు ఫోన్లో నాతో మాట్లాడుతుంటే పక్కన స్టీరింగ్ పట్టుకున్నవాడికి వినబడుతుందే! మొన్న ఒకడు హడలిపోయి బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. అయినా సగటంటే ఏంటి? ఎంతొస్తే మంచిది?"

"అది కూడా రాదా? తెలిసిందే కదా!" అని గయ్యిమన్నాను. "నవ్వండి, బాగా నవ్వండి. మీకేం, మీ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుంటుంది. నాకెక్కడుంది?"

అద్దంలో వేరేవాళ్ళ మొహం కనిపిస్తే ఎవరైనా అద్దాన్ని అనుమానిస్తారు. నేను మాత్రం వెళ్ళి మొహం కడుక్కున్నాను. భయం పట్టుకున్న మనిషికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. గది పెద్దదనీ, ఫ్యాన్ల మోతనీ నాకు నేనే కారణాలు వెతికి పెట్టుకున్నాను. ఈ టర్ము మొదటి రోజు నుంచీ అరవడం మొదలుపెట్టాను. పిల్లలకు వీపు కనబడకూడదని పీతలా పక్కకు తిరిగి బోర్డు మీద రాశాను. ముందు బెంచీ పిల్లలు చెవుల మీద చేతులు పెట్టుకుంటే, శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలి, ఆ వెంటనే కోపం.

గొంతు పోయిన వారంలో మా ఆడపడుచు వచ్చింది. మావారి చెల్లెలు. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు అన్నం తినేదని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. వేరే కాలేజీలో దాని ఉద్యోగమేమిటంటే, లెక్చరర్లకు వచ్చిన ఈ కవర్లను ఎలా చదువుకోవాలో, చదివి ఏం చేయాలో పక్కన కూర్చుని చెప్పడం. చదవడం నేర్పడానికి కూడా జీతమా అని ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఈసారి మాత్రం అడక్కుండానే కవరు తీసి దాని ముందు పెట్టాను.

పిట్ట ఆ కాగితాలను కత్తెరతో ఒక్కో మాట ఒక్కో ముక్కగా కత్తిరించి భోజనాల బల్ల మీద పరిచింది.

"గది వేడి, పొద్దున్నే క్లాసు లాంటివి నీ చేతిలో లేవు, అవి పక్కన పెడదాం. మెచ్చుకున్నవి ఇటు. మిగతావాటిలో ఎక్కువమంది అన్నదేంటో చూద్దాం. ఒక్కరే అన్నదాన్ని పట్టుకుని నిద్ర పాడుచేసుకోకు. ఇప్పుడు ఒక్కో ముక్క చదువుతా. అలా రాయడానికి క్లాసులో ఏం జరిగి ఉంటుందో, గుర్తొచ్చింది చెప్పు."

గొంతు వినబడదు. బోర్డుతో గొణుగుతారు. చాలా మంచివారు, నిద్ర వస్తుంది. ఒక్కటంటే ఒక్క సంఘటనా నాకు గుర్తు రాలేదు. తర్వాతి ముక్క చదవబోయి పిట్ట ఆగి, వాళ్ళన్నయ్య వైపు చూసింది.

"'ఎవరేం చేసినా ఏమీ అనరు'," అని చదివింది.

మావారికి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. దగ్గుతూనే, "మీ వదిన గురించేనా?" అన్నారు.

"వదినా, నిజం చెప్పు. నువ్వు ఎవరినీ ఏమీ అనకుండా ఒక్క పూటైనా గడిచిందా? నాకెందుకో ఈ మాటలు నీవి కావేమో అనిపిస్తోంది," అంది పిట్ట.

"కవరు మీద నా పేరుంది కదే!" అని గుసగుసగానే కసిరాను. కానీ ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

మర్నాడు స్టాఫ్ రూములో పిల్లి మాస్టారు నా పక్కకు కుర్చీ జరుపుకున్నారు. పిల్లలు పెట్టిన పేరది. ఆయన నడిస్తే చప్పుడు ఉండదు, మాట్లాడితే అసలే ఉండదు. పొరపాటున తలుపుకు తగిలితే తలుపుకు సారీ చెప్పే మనిషి. నేను చెప్పే లెక్కలే రెండో సెక్షనుకు ఆయన చెబుతారు. ఆయనదీ నాలాగే కాంట్రాక్టు ఉద్యోగం.

"అమ్మా, మీరు ఉన్నదున్నట్టు మాట్లాడతారు. ఒకటడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. నేను కోపిష్టినా?"

నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"పోయిన టర్ము కాగితాల్లో రాశారమ్మా. డౌటు అడిగితే 'అది కూడా రాదా? తెలిసిందే కదా!' అంటానట. అందరి ముందూ నవ్వుతానట. ఒకరైతే, లెక్కలంటే ఇష్టమే, కానీ ఆ గదిలోకి రావాలంటే కడుపులో నొప్పి వస్తుందని రాశారు. ఎప్పుడన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మతిమరుపు వచ్చిందేమో. ఏం అంటే ఏం బాధపడతారోనని ఈ టర్ములో పిల్లల్ని ప్రశ్నలడగడమే మానేశాను. పాఠం చెప్పి, తల వంచుకుని వచ్చేస్తున్నాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా నోటి మీదకు వెళ్ళిపోయింది. ఆ మాట ఎవరిదో మా ఇంట్లో గోడల్నడిగినా చెబుతాయి.

"గొంతు వినబడకపోతే దిద్దుకోవచ్చట, పిల్లల్ని భయపెట్టేవాడికి క్లాసు ఇవ్వడం కష్టమన్నాడు ప్రిన్సిపాల్ నిన్న," అని ఆయన ఇంకా మెల్లగా అన్నారు. "శుక్రవారం లోపల సంజాయిషీ ఇమ్మన్నాడు. గుర్తే రానిదానికి ఏం సంజాయిషీ ఇస్తాను? రాజీనామా రాద్దామనుకుంటున్నాను."

"మీకు కోపమేంటి మాస్టారూ," అని మాత్రం అనగలిగాను. క్లాసుందని అబద్ధం చెప్పి లేచిపోయాను.

మెట్లెక్కుతుంటే అంతా అర్థమైంది. పోయిన టర్ము మధ్యలో ఆయనకు మోకాళ్ళ నొప్పి పట్టుకుంది. ఆయన గది పైన, నాది కింద. మీ పిల్లల్ని నా గదికి తెచ్చుకోండి, నేను పైకి పోతానని నేనే అన్నాను. గది మార్పుకు అర్జీ పెడితే మోకాళ్ళు నయమయ్యాక గానీ సంతకం పడదని, ఎవరికీ చెప్పకుండా మాలో మేమే మార్చుకున్నాం. చేసిన ఈ ఉపకారాన్ని నేను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు, ఆఫీసుకు తప్ప. ఆఫీసు అటెండరు గదిగదికీ కాగితాలు పట్టుకెళ్ళి, రాయించి, కట్ట మీద గది నంబరు వేస్తాడు. ఆ గది ఎవరిదో పాత టైంటేబుల్లో చూసి కవరు మీద పేరు రాస్తారు. ఆయన పిల్లలు ఆయన గురించి రాసింది నాకొచ్చింది. నా పిల్లలు నా గురించి రాసింది, పాపం ఆ పిల్లికొచ్చింది.

ఇంత తెలిసీ ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. చెబితే ఆయన సంజాయిషీ నాదవుతుంది, ఆయన రాజీనామా కూడా నాదే అవుతుందేమో. చెప్పకపోతే ఆ మనిషి మొహం రోజూ చూడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నం కలిపి వదిలేశాను. క్లాసులో లెక్క సగం చేసి ఎక్కడున్నానో మర్చిపోయాను. పోయిన టర్ము పిల్లలే ఇప్పుడూ నా ముందున్నారు. కడుపులో నొప్పి ఎవరికి? కిటికీ దగ్గరి పొడుగు కుర్రాడికా? ఎప్పుడూ తలెత్తని రెండో బెంచీ పిల్లకా? ఒక్కొక్కరి మొహమే వెతుకుతుంటే వాళ్ళు మరింత బిగుసుకుపోయారు.

పిట్టకు ఫోన్ చేసి జరిగిందంతా ఊదాను. గుసగుసలో ఏడిస్తే ఎలా ఉంటుందో దానికే తెలియాలి.

"ఎవరు రాశారో వెతకకు వదినా. నువ్వు వెతుకుతున్నావని వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, ఇంకెప్పుడూ నిజం రాయరు. రాసింది ఎవరన్నది వదిలెయ్. రాసిందేంటన్నది పట్టుకో," అంది. ఆయనకు చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ అనలేదు. దాని తెలివి తగలెయ్య!

మావారికి గురువారం చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"నేర్చుకునేవాడు తప్పు తొక్కితే ఆపడానికి నా దగ్గర రెండో బ్రేకుంది. ఆయన గోడకేసి పోతున్నాడు. ఆ బ్రేకు నీ కాలి కింద ఉంది కదే," అన్నారు.

"తొక్కితే నేను బయటికెగిరి పడతాను," అన్నాను.

"పడతావేమో," అన్నారు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి అంతకుమించి ఒక్క మాట అనకపోయేసరికి నాకు మరీ భయమేసింది.

శుక్రవారం పొద్దున్నే కింది గదికి వెళ్ళాను. పిల్లలింకా రాలేదు. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. బల్ల మీద మడిచిన కాగితం ఒకటి ఉంది.

"ఆ మాటలు మీవి కావు మాస్టారూ, నావి," అన్నాను. గదులు, కట్టలు, కవర్లు, అంతా చెప్పాను. నా గుసగుస వినడానికి ఆయన ముందుకు వంగారు. "నాలుగు రోజులుగా తెలుసు. భయపడి చెప్పలేదు. తప్పయిపోయింది."

ఆయన డస్టరు కింద పెట్టారు. తిడతారని చూశాను. తిట్టినా పడాలనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి గానీ ఏమీ వినబడలేదు.

"ఏంటి మాస్టారూ?"

"అయితే మా పిల్లలు నా గురించి ఏం రాశారు?"

"గొంతు వినబడదట. మంచివారట, నిద్ర వస్తుందట."

"అంతేనా?" అన్నారు. "అంతేనా అమ్మా?" అని మళ్ళీ అడిగి కుర్చీలో కూలబడి, చాక్‌పీసు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు. మొహమంతా తెల్లగా అయింది. ఆ మొహం చూశాక ప్రిన్సిపాల్ గదికి వెళ్ళడానికి కాళ్ళు వాటంతటవే నడిచాయి.

ప్రిన్సిపాల్ రెండు ఫైళ్ళూ తెప్పించి, కాగితాలు అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. మాస్టారు సంజాయిషీ అక్కర్లేదని రాశాడు. తర్వాత నా ఫైలు వైపు చూసి నిట్టూర్చాడు.

"మేడం, మీకు మొదటిదే నయం కదా. ఇది చూసి కాంట్రాక్టు ఎలా పొడిగించమంటారు?"

"టర్ము చివరి కాగితాలు వచ్చేదాకా ఆగండి సార్. ఈసారి ఏ గదిలో ఎవరున్నారో రాసిస్తాను," అన్నాను.

ఆగుతానన్నాడు. అంతకుమించి మాటివ్వలేదు.

పిట్ట సెలవు పెట్టి మా కాలేజీకి వచ్చింది. అది చేసే పని ఒకటుంది. టర్ము ఇంకా నడుస్తుండగానే క్లాసుకెళ్ళి, లెక్చరర్‌ను బయటికి పంపేసి, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి అడుగుతుంది. నేర్చుకోవడానికి ఏది పనికొస్తోంది, ఏది అడ్డం వస్తోంది, ఏం మారితే బాగుంటుంది అని. గుంపంతా ఒప్పుకున్నదే రాసుకుంటుంది. మూసిన తలుపు బయట వరండాలో నిలబడ్డాను. లోపల ఒకసారి అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. ఆ నవ్వుకన్నా ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడ్డాను. పరీక్ష రాసే పిల్లలకు ఇలాగే ఉంటుందా అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన రావడం అదే మొదటిసారి.

పిట్ట బయటికొచ్చి, "నీకు పెట్టిన పేరు తెలుసా వదినా? మైకు మేడం," అంది.

"అందుకేనా ఆ నవ్వు?"

"అందుకే. పాఠం బాగా చెబుతావన్నారు, అన్ని గుంపులూ. అడగాలంటేనే భయమన్నారు, అదీ అన్ని గుంపులూ. ఇంటి లెక్కలు తగ్గించమని కొందరు. రేపు వెళ్ళి నువ్వు విన్నది వాళ్ళకి చెప్పు. ఏది మారుస్తావో, ఏది మార్చవో, ఎందుకో చెప్పు. 'కానీ' అనే మాట మాత్రం నీ నోట రాకూడదు. అదొచ్చిందంటే మిగతాదంతా గంగలో కలిసినట్టే."

మర్నాడు క్లాసులో నిలబడ్డాను. నోరు తెరిస్తే గాలే వచ్చింది. వెనక బెంచీలవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కిటికీ దగ్గరి పొడుగు కుర్రాడు లేచి ముందుకొచ్చి కూర్చున్నాడు. వాడి వెనకే ఇంకొందరు. చోటు చాలక కొందరు ఇరుక్కుని కూర్చున్నారు.

"డౌటు అడిగితే నేను 'తెలిసిందే కదా' అంటానని చెప్పారు. నిజమే. నవ్వుతానన్నారు. అదీ నిజమే," అన్నాను. 'కానీ' గొంతు దాకా వచ్చింది. కానీ మీ మంచికే కదా, కానీ సిలబస్ పూర్తవ్వాలి కదా! మింగేశాను. "ఇకమీదట అనను. అలవాటు కొద్దీ అంటే బెంచీ మీద చరచండి, ఆపేస్తాను. ఇంటి లెక్కలు మాత్రం తగ్గించను. అవి చేయకపోతే పరీక్షలో చెయ్యి ఆడదు."

అందరూ తలలు వంచుకుని నోటు పుస్తకాలు తెరిచారు. అంతా అయిపోయింది, వీళ్ళు నన్ను నమ్మరనుకున్నాను. బోర్డు వైపు తిరగబోతుంటే రెండో బెంచీలో, ఎప్పుడూ తలెత్తని పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, సున్నాతో ఎందుకు భాగించకూడదు?"

కాలేజీకొచ్చి అడిగే ప్రశ్నా అది! ఆ పాత మాట నాలుక చివరకు వచ్చేసింది, నవ్వు కూడా తయారుగా ఉంది. గొంతు ఉంటే అనేసేదాన్నే, ఒట్టు. గొంతు లేదు. గాలి కూడదీసుకునేంతలో చూశాను, ఆ పిల్ల ఒక చెయ్యి పైకెత్తింది, రెండో చెయ్యి కడుపు మీద అదిమి పెట్టుకుంది.

వెంటనే చూపు తిప్పేసుకున్నాను. పన్నెండులోంచి మూడు చొప్పున ఎన్నిసార్లు తీయగలమో బోర్డు మీద రాశాను. పన్నెండులోంచి సున్నా చొప్పున తీస్తూ పోతే ఎప్పటికి అయిపోతుందో మీరే చెప్పండని గుసగుసగా అడిగాను. "ఎప్పటికీ అయిపోదు," అంది ఆ పిల్ల, అందరికన్నా ముందు.

టర్ము అయిపోయింది. గొంతు సగమే తిరిగొచ్చింది, ఆ సగంతోనే నెట్టుకొచ్చాను. ప్రిన్సిపాల్ పిలిచి కవరు చేతిలో పెట్టాడు. ఈసారి ముందు పేరు చూశాను, తర్వాత గది నంబరు చూశాను, ఆ తర్వాతే తెరిచాను. మొదటి మాట చదివి, తప్పు కవరేమోనని మళ్ళీ పైకి చూశాను. పేరు నాదే, గది నాదే.

"మేడం గొంతు వినబడటం లేదు. ముందుకొచ్చి కూర్చోవాల్సి వస్తోంది."

"సగటు బాగా పెరిగింది. ఇంకో ఏడాది పొడిగిస్తున్నాను మేడం," అన్నాడు ప్రిన్సిపాల్. "ఆ గొంతు సంగతి మాత్రం కాస్త చూసుకోండి."

అలాగే సార్ అన్నాను. ఆయనకు వినబడలేదు.